పక్క సీటు బ్రేకు

బస్సులో కూర్చున్నా, ఎవరి కారులోనో వెనక సీట్లో కూర్చున్నా, ఆఖరికి లిఫ్టులో కిందికి దిగుతున్నా మాస్టారి కుడికాలు నేలను నొక్కుతూనే ఉంటుంది. లేని బ్రేకును వెతుక్కుంటుంది. డ్రైవింగు స్కూల్లో ముప్పై ఏళ్ళు పక్క సీట్లో కూర్చున్న మనిషి కాలు మరి! స్టీరింగ్ ముందు కొత్తగా నేర్చుకునేవాళ్ళుంటారు, పక్కన మాస్టారుంటారు, మాస్టారి కాళ్ళ దగ్గర ఇంకో జత పెడల్స్ ఉంటాయి. ఒకటి క్లచ్, ఒకటి బ్రేకు. నడిపేవాళ్ళకు చెమటలు పడితే ఆయన చిన్నగా దగ్గి, ఒక మాటంటారు: "నేనున్నాగా, మీరు పోనివ్వండి." ఆ ఒక్క మాట మీద ఊళ్ళో సగంమంది రోడ్డెక్కారు.

ఆ స్కూలు కారుతో మాస్టారి కుటుంబానికి ఉన్న సంబంధం చిత్రమైనది. స్కూలు యజమాని మంచివాడే కానీ పెట్రోలు దగ్గర మహా పిసినారి. పాఠం జరుగుతుంటేనే కారు కదలాలి, ఊరికే తిప్పడానికి వీల్లేదు. కాబట్టి మాస్టారింట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా అది ఎవరో ఒకరి పాఠంలో కలిసిపోవలసిందే. స్టీరింగ్ దగ్గర విద్యార్థి, పక్కన మాస్టారు, వెనక సీట్లో ఒళ్ళో సంచీ పెట్టుకుని మాస్టారి భార్య. కూరగాయల మార్కెట్టుకు వెళ్తే అది రద్దీలో నడపడం అనే పాఠం. ఆవిడ పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం దగ్గర దింపితే అది రోడ్డు పక్కన ఆపడం అనే పాఠం. ఇక వాళ్ళమ్మాయి పుట్టిన రోజు సంగతయితే ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటారు. నొప్పులు పడుతున్న మనిషిని వెనక పెట్టుకుని, అప్పుడప్పుడే గేర్లు మార్చడం నేర్చుకుంటున్న ఒక బ్యాంకు గుమాస్తా రెండో గేరు దాటకుండా ఆసుపత్రిదాకా తీసుకెళ్ళాడు. దారి పొడవునా ఏడ్చింది ఆవిడ కాదు, అతను.

"మీరే నడపొచ్చు కదండీ?" అని ఎవరన్నా అడిగితే, "యజమాని ఊరుకోడు" అనేవారు మాస్టారు. అది అబద్ధం కాదు. కానీ అసలు సంగతి అది కాదు.

మాస్టారికి బండి నడపాలంటే భయం.

నమ్మడం కష్టమే. ఖాళీ మైదానంలో ఆయన కారును వెనక్కి పోనిచ్చి రెండు డ్రమ్ముల మధ్య పెట్టి చూపిస్తుంటే విద్యార్థులు నోరు వెళ్ళబెట్టి చూసేవారు. ఆయనకది వెన్నతో పెట్టిన విద్య అనుకునేవారు. మనుషులు తిరిగే రోడ్డు మీదికి వచ్చేసరికి మాత్రం కాళ్ళలో సన్నగా వణుకు మొదలయ్యేది. ప్రమాదమేదైనా జరిగిందా అంటే అదీ లేదు. జరగకపోవడం వల్లే పట్టుకున్న భయం ఇది. సందులోంచి దూసుకొచ్చిన సైకిలు, ఉన్నట్టుండి అడ్డంపడిన కుక్క, రోడ్డు మీదికి దొర్లిన బంతి. రోజూ ఏదో ఒక సమయంలో ఆయన కాలు ఆ పక్క బ్రేకు మీద పడేది. కారు ఆగేది. విద్యార్థి మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. మాస్టారు నవ్వి "ఏం ఫర్వాలేదు" అనేవారు. పైకి అనేవారే కానీ లోపల మాత్రం ఒకటే ఆలోచన. వీళ్ళు చూడనిది నేను చూశాను, సరే. నేను చూడనిది ఎవరు చూస్తారు? నేను నడిపేటప్పుడు నా పక్కన బ్రేకు మీద కాలేసుకుని కూర్చునేదెవరు?

ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. వంటవాడికి పొయ్యంటే భయమని తెలిస్తే ఇక వాడి చేతి కూడు ఎవరైనా తింటారా? పైగా భార్యకు కొత్తకాపురంలో ఒక మాట ఇచ్చి కూర్చున్నారు. "నేను రిటైరయ్యాక చూడు. ఈ నేర్చుకునేవాళ్ళెవరూ లేకుండా మనమిద్దరమే, మంచి కారులో, నేనే నడుపుతూ నిన్ను సముద్రందాకా తీసుకెళ్తాను." రిటైరవడం అప్పట్లో ఎక్కడా కనుచూపు మేరలో లేదు. కనక ఎంత మాటైనా ధారాళంగా ఇవ్వొచ్చు. ఇప్పుడది ఈ నెలాఖరుకొచ్చి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే పళ్ళ డాక్టరమ్మ ఫోన్ చేసింది.

ఆవిడా ఒకప్పుడు మాస్టారి విద్యార్థినే. ఫ్లైఓవర్ ఎక్కమంటే స్టీరింగ్ వదిలేసి రెండు చేతులతో మొహం కప్పుకున్న ఘనురాలు. ఆ తరవాత అదే మనిషి ధైర్యం తెచ్చుకుని, మోజుపడి, పాతదే అయినా ఒక ఖరీదైన కారు కొనుక్కుంది.

"మాస్టారూ, నాకిప్పుడు ఏడో నెల. ఈ కారుకేమో ఉన్నవి రెండే తలుపులు. వెనక సీటు పేరుకే ఉంది, పిల్ల సీటు కూడా పట్టదు. ఇచ్చేద్దామనుకుంటున్నా. కానీ ముక్కూమొహం తెలియనివాళ్ళకు ఇవ్వాలంటే మనసొప్పట్లేదు. మీరు తీసుకుంటానంటే ధర గురించి ఆలోచించొద్దు, మీరు ఎంతంటే అంత. ఆదివారం ఒకసారి నడిపి చూసి చెప్పండి."

మాస్టారు వెళ్ళి చూశారు. గ్రాండ్ టూరర్ అంటారట ఆ రకం కార్లను. ఊళ్ళో తిరగడానికి కాదు, ఇద్దరు మనుషులు ఒళ్ళు అలవకుండా దూరాలు పోవడానికి చేసినవి. ముదురు నీలం రంగు, పొడుగాటి ముక్కు, వాడి వాడి మెత్తబడ్డ తోలు సీట్లు. తలుపు వేస్తే ధడేల్మనలేదు, పెద్దమనిషి గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు చేసి ఊరుకుంది. అంత అందమైన వస్తువును వద్దనడానికి నోరు రాదు. కొంటాననడానికి గుండె లేదు. ఇంటికెళ్ళి ఈ సంగతి ఎత్తకుండా నాలుగు రోజులు గడిపేస్తే అదే సర్దుకుంటుందని అనుకున్నారు.

కానీ ఆయనకంటే ముందే కబురు ఇల్లు చేరిపోయింది. డాక్టరమ్మ కళ్ళజోడు స్క్రూ బిగించుకోవడానికి దుకాణానికి వెళ్ళి, మాస్టారి భార్యకు అంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"ఏవండీ, కొనుక్కుందాం!" అంది ఆవిడ, ఆయన చెప్పులు విప్పేలోపే. "మీరు ఎప్పట్నుంచో అంటున్నారుగా, మంచి కారులో సముద్రం చూపిస్తానని. మన కోసమే వచ్చినట్టుంది."

ఆవిడ మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూసి వద్దనగలిగే మొగుడు ఇంకా పుట్టలేదు. "చూద్దాం" అన్నారు మాస్టారు.

ఇక మిగిలిన ఆశల్లా బామ్మర్ది. అతనికి పక్క వీధిలోనే కార్లు బాగుచేసే షెడ్డుంది. షోరూమ్ నుంచి అప్పుడే దిగిన కారులో కూడా మూడు లోపాలు పట్టగల మనిషి. బావ ఏ వస్తువు కొన్నా వెక్కిరించడం అతనికి జన్మహక్కు. వీడిని తీసుకెళ్తే ఏదో ఒక వంక పెడతాడు, ఆ వంక పట్టుకుని బయటపడొచ్చని మాస్టారు ఎత్తు వేశారు.

బామ్మర్ది బానెట్ ఎత్తాడు. కింద దూరాడు. ఇంజన్ మీద చెవి పెట్టి విన్నాడు. చాలాసేపటికి మసి చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"ఏంట్రా, బాగా పాడైందా?" అన్నారు మాస్టారు ఆశగా.

"పాడవడమా? నిక్షేపంలా ఉంది బావా! డాక్టరమ్మ దీన్ని పళ్ళు చూసినట్టు చూసుకుంది. కళ్ళు మూసుకుని తీసేసుకో."

"ఎత్తు తక్కువ కదరా. స్పీడు బ్రేకరు మీద అడుగు తగలదూ?"

"తగిలితే నువ్వు దిగి ఎత్తి అవతల పెట్టు. కసరత్తు చేసినట్టుంటుంది."

"పార్టులు దొరకవేమో?"

"దొరికేలా చూసే పూచీ నాది. ఏంటి బావా, కొనేవాడివా, అమ్ముతున్నవాళ్ళ శత్రువువా?" బామ్మర్ది పకపకా నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "అన్నట్టు, మీ స్కూలువాళ్ళు కొత్త కారు కొన్నారుగా, ఇన్నాళ్ళూ నువ్వు పాఠాలు చెప్పిన ఆ పాత తెల్ల కారు నా షెడ్డుకే వచ్చింది. అమ్మకానికి పెట్టారు. ఆదివారం మధ్యాహ్నం ఆ పక్క పెడల్స్ పీకేసి, నెత్తి మీద బోర్డు తీసేస్తే మామూలు కారైపోతుంది."

మాస్టారికి ఎవరో దగ్గరివాళ్ళకు ఆపరేషనని విన్నట్టయింది.

ఆ వారమంతా ఇంట్లో మాస్టారికి అన్నం సహించలేదు. భార్య కూడా ఏదోలా ఉంది. ఒకరోజు సాయంత్రం ఆయన పడకగదిలోకి వెళ్ళేసరికి ఆవిడ, అమ్మాయి చిన్నప్పటి పొట్టి స్టూలు మీద కూర్చుని ఉంది. మంచం కోడు పట్టుకుని లేచింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ పళ్ళు బిగబట్టి లేచింది.

"ఏంటే ఇది?"

ఆవిడ ఉలిక్కిపడింది. "ఏం లేదండీ. కసరత్తు. మోకాళ్ళకు మంచిదట."

రోజంతా దుకాణంలో నిలబడి నిలబడి ఆవిడ మోకాళ్ళు ఎప్పుడో అరిగిపోయాయి. మంచిదేలే అనుకున్నారు మాస్టారు. తన గొడవలో తనుండి, అంతకు మించి ఆలోచించలేదు.

ఆదివారం రానే వచ్చింది. డాక్టరమ్మ ఆసుపత్రి మెట్ల మీద నిలబడి తాళం చేతికిచ్చింది. "మీకు నేను చెప్పేదేముంది మాస్టారూ. ఇద్దరూ అలా బైపాస్ మీద తిరిగి రండి."

మాస్టారు గుండె చిక్కబట్టుకుని వెళ్ళి, తలుపు తీసి, కూర్చున్నారు. కూర్చుని చూస్తే ఎదురుగా స్టీరింగ్ లేదు. ముప్పై ఏళ్ళ అలవాటు ఆయన్ను తిన్నగా పక్క సీట్లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. కాలు అప్పుడే బ్రేకు కోసం కింద తడుముతోంది.

"మాస్టారూ, ఆ సీటు మేడమ్‌గారిది!" అంది డాక్టరమ్మ నవ్వుతూ. భార్యా నవ్వింది. మాస్టారూ నవ్వారు, ఏడవలేక.

సీట్లు మారారు. ఆవిడ సీట్లో కూర్చుంది అనడం కంటే సీట్లోకి జారిపడింది అనడం సబబు. కారు చప్పుడు లేకుండా కదిలింది. గేర్లు దానంతటదే మార్చుకునే రకం కావడంతో మాస్టారి ఎడమకాలికి పని లేదు. అది అనాథలా క్లచ్ కోసం వెతుక్కుంది. ఊళ్ళో రెండు మలుపులు తిరిగేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయింది. బైపాస్ మీదికి ఎక్కగానే వెనక నుంచి లారీ ఒకటి గట్టిగా హారన్ కొట్టింది. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. మూసి ఉన్న ఒక టైర్ల దుకాణం ముందు కారు పక్కకు తీసి ఆపేశారు.

"ఏమైందండీ? బండి ఆగిపోయిందా?"

"బండి కాదు, నేనే ఆగిపోయాను." ఆయన రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి, చూపు అద్దంలోంచి ఎదురుగా ఉంది. భార్య మొహం చూస్తే చెప్పలేనని అటే చూస్తూ చెప్పేశారు. "నాకు భయమే. ఈ కారని కాదు, ఏ కారైనా. ఎప్పట్నుంచో. పక్కన ఇంకో బ్రేకు లేకపోతే నా వల్ల కాదు. యజమాని, పెట్రోలు, అవన్నీ సాకులు. నిన్ను ముందు కూర్చోబెట్టుకుని ఏదైనా చూడకుండా గుద్దేస్తే... ఆ ఊహకే నాకు నిద్ర పట్టదు."

మాస్టారు చెవులు రిక్కించి కూర్చున్నారు. పరువు పోతే పోయింది, ఇచ్చిన మాట పోయింది కదా అని ఆయన బాధ.

"అయితే ఈ కారు కొనరా?" అంది ఆవిడ చివరికి, మెల్లగా.

"కొనలేను."

"నిజంగానే?"

"నిజంగానే. నువ్వెంత ఆశపడ్డావో నాకు తెలుసు. ఏమనుకోకే."

"అమ్మయ్య!" ఆవిడ సీటుకు జారబడిపోయింది. "నా నెత్తిన పాలు పోశారండీ! ఈ సీట్లోంచి నేను లేవగలననుకున్నారా? క్రేన్ తెప్పించాలి. డాక్టరమ్మ చెప్పిన రోజే సాయంత్రం వెళ్ళి కూర్చుని చూశా. ఆవిడా, కాంపౌండరూ కలిసి చెరో రెక్కా పట్టి లాగారు. అప్పట్నుంచి రోజూ ఆ పొట్టి స్టూలు మీద లేవడం నేర్చుకుంటున్నా. ప్రాణాలు తోడేస్తోంది."

మాస్టారు అప్పుడు తిరిగి చూశారు. "మరి కొనుక్కుందామని ఎగిరి గంతేశావెందుకు?"

"మీ కోసమే! జన్మంతా పక్కన కూర్చున్న మనిషి. ఒక్కసారైనా రాజాలా స్టీరింగ్ ముందు కూర్చోవాలని ఉంటుంది కదా అనుకున్నా. నా మోకాళ్ళ కోసం మీ సరదా పాడుచేయడమెందుకని."

"నేను నీ సరదా అనుకున్నాను!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆవిడకు నవ్వొచ్చింది. తరవాత ఆయనకు. ఆ ఖరీదైన తోలు సీట్లలో కూర్చుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఎన్నో ఏళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయినట్టయింది మాస్టారికి. ఆకలి కూడా వేసింది, వారం తరవాత మొదటిసారి.

అంతా బాగానే ఉంది కానీ కారును వెనక్కి తీసుకెళ్ళాలి కదా. అది గుర్తురాగానే ఆయన మొహం మళ్ళీ వాడిపోయింది. ఆవిడ గమనించింది. సీట్లో నిటారుగా సర్దుకుని, చీరకుచ్చిళ్ళు కొంచెం పైకి తీసుకుని, కుడికాలు నేల మీద ముందుకు చాపింది. తరవాత చిన్నగా దగ్గింది. అచ్చం మాస్టారి దగ్గే.

"అద్దం చూశారా? వెనక ఏం వస్తోందో చెప్పండి. మనసులో కాదు, పైకి చెప్పండి."

మాస్టారు విస్తుపోయి చూశారు. అవి ఆయన మాటలు. ముప్పై ఏళ్ళు వెనక సీట్లో కూరగాయల సంచీతో కూర్చుని ఆవిడ విన్న పాఠాలు.

"వెనక... ఖాళీయే" అన్నారు.

"సిగ్నల్ వేయండి. స్టీరింగ్‌ని పిల్లి మెడ పట్టుకున్నట్టు పట్టుకోకండి, వదులుగా. ఇప్పుడు క్లచ్ మీద నుంచి మెల్లగా కాలు తీయండి."

"ఇందులో క్లచ్ లేదే."

"లేకపోతే వదిలేయండి. చెప్పడం నా పని." ఆవిడ మళ్ళీ దగ్గింది. "నేనున్నాగా, మీరు పోనివ్వండి."

మాస్టారు పోనిచ్చారు. దారి పొడవునా ఆవిడ చెప్తూనే ఉంది. ముందు బస్సు ఆగేలా ఉంది, దూరం ఉంచండి. అదిగో, ఆ సైకిలతను మన వైపు చూడలేదు, హారన్ కొట్టండి. ఒకచోట ఆవిడ కాలు నేలను గట్టిగా నొక్కడం ఆయన చూశారు. అక్కడ బ్రేకు లేదని ఇద్దరికీ తెలుసు. అయినా ఎందుకో ఆయనకు వణుకు తగ్గింది. ఆసుపత్రి ముందు కారు ఆపేసరికి ఒక ఉపాయం కూడా తట్టింది.

డాక్టరమ్మా, మాస్టారూ కలిసి ఆవిడను సీట్లోంచి పైకి లాగారు. "ఇది మాకు కుదరదమ్మా" అని మాస్టారు తాళం చేతిలో పెట్టారు. డాక్టరమ్మ ఏమనేది వినకుండానే ఫోన్ తీసి బామ్మర్దికి కలిపారు.

"ఒరేయ్, పీకేశావా?"

"ఏంటి బావా పీకేది?"

"తెల్ల కారు పెడల్స్!"

"ఇప్పుడే పానా పట్టుకుని కూర్చున్నా. ఏం?"

"పీకకు! చెయ్యి తీసెయ్ దాని మీద నుంచి!"

"పక్కన పెడల్స్ ఉంటే దాన్ని ఎవడు కొంటాడు బావా?"

"నేను కొంటాను. మీ అక్క పక్కన కూర్చుంటుంది."

అవతల బామ్మర్ది నవ్వు షెడ్డు రేకులన్నీ అదిరేలా వినిపించింది. "మా అక్క చేతికి... కాదు, కాలికి బ్రేకు కూడా ఇస్తున్నావా? ఇన్నాళ్ళూ నోటితో వేస్తున్నది చాల్లేదా?"

రిటైరైన మర్నాడు ఉదయం తెల్ల కారు బయలుదేరింది. నెత్తి మీద బోర్డు లేదు, దాని గుర్తుగా రెండు తుప్పు మరకలున్నాయి. మామూలు ఎత్తు సీటు కావడంతో ఆవిడ ఎవరి సాయం లేకుండా ఎక్కి కూర్చుంది. ఊరు దాటగానే కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. మాస్టారు అదిరిపడి చుట్టూ చూశారు.

"ఏమైంది? ఎవరడ్డొచ్చారు?"

"మొక్కజొన్న పొత్తులండీ. వేడివేడిగా కాలుస్తున్నారు."

"బ్రేకు ఉన్నది అందుకు కాదే!" అని కసిరారు మాస్టారు. కసిరి, దిగి, రెండు పొత్తులు తెచ్చారు.

సముద్రం ఇంకో గంట దూరం ఉందనగా, రోడ్డంచున ఇసుక లారీ ఒకటి ఆగి ఉంది. మాస్టారు దాన్ని దాటబోతూ ఎదురుగా వచ్చే బస్సును చూసుకుంటున్నారు. అంతలో కారు గక్కున ఆగింది. లారీ ముందు నుంచి మేకపిల్ల ఒకటి రోడ్డు మీదికి గెంతి, బంపరుకు జానెడు దూరంలో నిలబడి వాళ్ళిద్దర్నీ చూసి, తీరిగ్గా అవతలికి పోయింది.

మాస్టారు దాన్ని చూడలేదు. ఆయన కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది.

జన్మంతా ఆయన భయపడింది దీనికే. తను చూడని క్షణం ఒకటి వస్తుందని. వచ్చింది, అయిపోయింది. మేకపిల్ల గట్టు మీద గడ్డి తింటోంది. మాస్టారు భార్య కాలి వైపు చూశారు. బ్రేకు మీద దాని పట్టు ఇంకా సడలలేదు.

"ఏం ఫర్వాలేదు" అంది ఆవిడ, ముందుకే చూస్తూ. "అద్దం చూసుకుని పోనివ్వండి."

మాస్టారు అద్దం చూసుకున్నారు. ఊపిరి నిండుగా పీల్చుకుని వదిలారు. ఇన్నేళ్ళూ తన పక్కన విద్యార్థులు అలా ఊపిరి వదలడం ఎన్నోసార్లు విన్నారు కానీ, అందులో ఇంత హాయి ఉంటుందని ఆయనకు తెలియదు.

"ఇదిగో," అన్నారు గేరు వేస్తూ, "ఇంకెక్కడైనా మొక్కజొన్న పొత్తులు కనిపిస్తే నొక్కు. నేనేమీ అనను."